సాంబమూర్తి తీసిన సముద్రపు ఫోటోలు

మా మేనమామ సాంబమూర్తికి అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూట భోజనం ముగిసినట్టే. మంచినీళ్ల చెంబు మీద ఈగ వాలితే ఆ చెంబు మళ్లీ తోమాలి. రోజుకు రెండు స్నానాలు, ఉతికిన ధోవతి, గోళ్లలో మట్టి లేని చేతులు. వరంగల్లు కొత్తవాడ మగ్గాల నడుమ, గంజి వాసనలో, రంగునీళ్లు పారే గల్లీలో పుట్టినవాడికి ఇంత రోత ఎక్కడిదని మా అమ్మ తన అన్నను ఆట పట్టించేది.

అలాంటి మనిషి నిజమైన రోత ఎలా ఉంటుందో ముప్పై ఆరేళ్ల వయసులో తెలుసుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత నేను అడగ్గా అడగ్గా ఆయన చెప్పింది కొంత, మా అత్త శ్యామలమ్మ చెప్పింది కొంత, రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా తాత ఎల్లస్వామి జంపఖానాలు నేసేవాడు. కొడుకును కూడా గుంటమగ్గంలో కూర్చోబెట్టాడు కానీ, అతని కాళ్లు తొక్కుడుకర్రల మీద కుదురుగా ఆడేవి కావు. నేసిన అంచు పాములా వంకర పోయేది. పలక మీద అక్షరాలు మాత్రం అచ్చు గుద్దినట్టు పడేవి. అది చూసి తాత అతణ్ని ఒక మౌల్వీ దగ్గర ఉర్దూ చదువుకు పెట్టాడు. ఇరవై రెండో ఏట, పెద్దవాళ్ల బంగళాలుండే సుబేదారిలో, కిషన్ రావు దొర బంగళాలో మున్షీ పని దొరికింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారట.

కిషన్ రావుకు పాలకుర్తి అవతల మూడు ఊళ్ల మీద పెత్తనం. ఊళ్లో కోట లాంటి గడి, సుబేదారిలో బంగళా, ఒక మోటారు కారు. ఆయన ఉత్తరాలు, అర్జీలు, జవాబులు అన్నీ మామ రాసేవాడు. కానీ రాత కంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. దొర నవ్వితే నవ్వాలి. దొర ఎవరినైనా తిడితే, ఆ తిట్టు వాళ్లకు తగినదే అన్నట్టు తల దించుకుని నిలబడాలి. "జీ దొరా" అన్న మాటను సంతోషంగా, విచారంగా, ఆశ్చర్యంగా, ఎన్ని విధాలైనా అనగలిగేవాడినని మామే నాకు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన ముఖం చేదుమందు మింగినట్టు ఉంది. అలా పద్నాలుగేళ్లు గడిచాయి.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, అంటే నలభై ఆరులో, కిషన్ రావుకు గోల్ఫు పిచ్చి పట్టుకుంది. హైదరాబాదులో ఏదో విందులో పరిచయమైన ఒక తెల్లదొర, పొగాకు వ్యాపారి, అంటించి పోయాడు. బంగళా ముందున్న పూలమొక్కలన్నీ పీకించి నేల చదును చేయించాడు. రోజూ సాయంత్రం ఇనుప కర్రతో చిన్న తెల్ల బంతిని కొట్టేవాడు. ఊరి నుంచి వెట్టికి రప్పించిన కట్టయ్య అనే రైతు ఆ బంతుల వెనుక పరుగెత్తి ఏరి తెచ్చేవాడు. ఎకరంన్నర చెలక సాగు చేసుకునే మనిషి, నలభై దాటినవాడు.

"మున్షీ సాబ్, గింత పెద్ద మనిషి గంత చిన్న గుండు కోసం ఏం ఫికర్ పడుతాండు!" అని కట్టయ్య ఒకసారి మెల్లగా అన్నాడు.

మామ నవ్వలేదు. దొర విన్నాడేమోనని చుట్టూ చూశాడు.

ఆ మే నెలలో తెల్లదొర దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రం ఒడ్డున, ఊళ్లకు దూరంగా, తమ వాళ్లకొక గోల్ఫు మైదానం ఉందని, వారం రోజులు అతిథిగా ఉండి పొమ్మని. కిషన్ రావు ఆ ఉత్తరాన్ని వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడు. సికింద్రాబాదు నుంచి ఒక మడత కెమెరా తెప్పించాడు. ఒక్కో చుట్టకు ఎనిమిది బొమ్మలు పడతాయి. దాన్ని వాడటం మామ నేర్చుకోవాలని హుకుం. కర్రల సంచి మోయడానికి కట్టయ్య.

వరంగల్లులో రైలెక్కి బెజవాడలో బండి మారారు. ఇంకొక పూట ప్రయాణం చేసి ఒక చిన్న స్టేషనులో దిగారు. అక్కడి నుంచి కాలువలో లాంచీ, లాంచీ దిగాక ఎడ్లబండి. మూడో రోజు పొద్దున ఇసుక దిబ్బ ఎక్కితే ఎదురుగా సముద్రం. మామ అదే మొదటిసారి చూడటం. ఏమనిపించింది మామా అని అడిగాను. "మంచిగనిపిచ్చింది. అబద్ధమెందుకాడాలె. చానా మంచిగనిపిచ్చింది" అన్నాడు.

దిబ్బల నడుమ, సరుగుడు చెట్ల పక్కన, తొమ్మిది గుంతల మైదానం. ఒక్కో గుంత చుట్టూ గుండ్రంగా కత్తిరించిన లేతగడ్డి, పరుపు పరిచినట్టు. ఒక్కో గుంతలో ఒక ఎర్ర జెండా. గడ్డికప్పు బంగళా ఒకటి, అందులో నలుగురైదుగురు తెల్లవాళ్లు. మైదానానికి ఆనుకుని గవ్వలపాలెం అనే బెస్తవాళ్ల పల్లె.

ఆ పల్లెకంతా ఒకటే మంచినీళ్ల బావి. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడే చోట, ఎప్పటివాళ్లో తవ్వుకున్న బావి. మైదానం కొలిచినప్పుడు అది ఏడో గుంతకు పక్కన, హద్దుగా కట్టిన తాడు లోపలికి వచ్చింది. పొద్దున్నే నలుగురు మాలీలు ఆ బావి నీళ్లు తోడి తొమ్మిది గుంతల గడ్డికీ పోసేవాళ్లు. పది గంటల దాకా వాళ్లదే బావి. ఆ తర్వాతే పల్లె ఆడవాళ్లకు వంతు. ఎండాకాలం కాబట్టి అప్పటికి అడుగున బురదా, దాని మీద జానెడు నీళ్లూ మిగిలేవి. ఆడవాళ్లు తెల్లవారినప్పటి నుంచే బిందెలు పట్టుకుని తాడు అవతల నిలబడేవాళ్లు. నిలబడితే నీళ్లు ముందు దొరుకుతాయని కాదు, వెనక వస్తే ఆ బురద కూడా దొరకదని.

మొదటి రోజే కిషన్ రావు ఏడో గుంత దగ్గర కర్ర ఎత్తి నిలబడ్డాడు. వెనుక సముద్రం. మామ కెమెరాలోంచి చూశాడు.

"ఎట్లుంది?" అని దొర అడిగాడు.

"మంచిగున్నది దొరా. ఎనుక ఆడోళ్లు ఫొటోల పడుతాండ్రు."

"తోలు వాళ్లను. ఫొటోల బిందెలేంది?"

మామ కెమెరా కింద పెట్టి తాడు దగ్గరికి వెళ్లాడు. పదిహేను మంది దాకా ఉన్నారు. జరగమని చేత్తో సైగ చేశాడు. ముందున్న ఒక నడి వయసు మనిషి కదల్లేదు.

"మీరూ తెలుగోరేగా బాబూ" అంది. "ఒక్క బిందె తోడుకోనియ్యండి. పిల్లకి జొరం. రాత్రి నించీ నోరెండిపోతంది."

"పది గంటలకు తోడుకో. ఇప్పుడు జర పక్కకు పో."

"ఒక్క బిందే బాబూ."

మామ ఆమె చేతిలోని బిందె తీసుకుని, దిబ్బ అవతలకు నడిచి, కనబడని చోట పెట్టి వచ్చాడు. ఆమె బిందె వెనకే పోయింది. ఆమె పోతే మిగతావాళ్లూ పోయారు. ఇంత తేలిగ్గా పని ముగిసినందుకు తనను తాను మెచ్చుకున్నానని మామ చెప్పాడు. ఫోటో చక్కగా వచ్చింది.

మూడో రోజు తెల్లదొర కుక్క సముద్రంలో ఆడి వచ్చింది. ఉప్పు పట్టి దురద పెడుతుందని దానికి మంచినీళ్ల స్నానం చేయించారు. ఎనిమిది బొక్కెనలు. తాడు అవతల ఆడవాళ్లు చూస్తూనే ఉన్నారు. సబ్బు నురగతో కుక్క తల విదిలిస్తుంటే దొరలందరూ నవ్వారు. కిషన్ రావు ఫోటో తియ్యమన్నాడు. మామ తీశాడు. కుక్క తర్వాత మూడు బొక్కెనలు బూట్లకు పోయాయి.

ఐదో రోజు కిషన్ రావు కొట్టిన బంతి గాలికి కొట్టుకుపోయి బావిలో పడింది. వేరే బంతులు సంచి నిండా ఉన్నాయి. కానీ అది తెల్లదొర కానుకగా ఇచ్చిన బంతి, కావాలన్నాడు. కట్టయ్యను తాడు కట్టి బావిలోకి దింపారు. పది దాటింది, ఆడవాళ్ల వంతు నడుస్తోంది. బంతి బురదలో కూరుకుపోయింది. కట్టయ్య నడుం లోతు దిగి కాళ్లతో, చేతులతో అరగంట వెతికాడు. ఉన్న జానెడు నీళ్లు నల్లగా కలిసిపోయాయి. బంతి చేత్తో పట్టుకుని, తల నుంచి కాళ్ల దాకా బురదతో, పైకి వచ్చాడు.

దొరలు చప్పట్లు కొట్టారు. కిషన్ రావు కట్టయ్యను బావి గట్టు మీద నిలబెట్టి, బంతి పైకెత్తి పట్టుకొమ్మన్నాడు. "నవ్వుర కట్టయ్యా!" అన్నాడు. కట్టయ్య పళ్లు బయటపెట్టాడు. మామ తీశాడు. కెమెరా దించి పక్కకు చూస్తే, మొదటి రోజు తను బిందె గుంజుకున్న మనిషి, చీర కొంగు నాలుగు మడతలు వేసి బిందె మూతికి పట్టి, ఆ బురదనీళ్లు వడగడుతోంది. కొంగు మీద నల్లటి ముద్ద మిగులుతోంది. దాన్ని పిండి మళ్లీ పోస్తోంది. పిల్లకు ఎలా ఉందని మామ అడగలేదు. మరునాడు బయలుదేరి వచ్చేశారు.

ఇంతవరకు జరిగినదానికి ఆయనకు పెద్ద బాధేమీ కలగలేదట. ఈ మాట నాకు దాచకుండా చెప్పాడు. రైల్లో మంచి నిద్ర పట్టిందన్నాడు.

సికింద్రాబాదు స్టూడియో నుంచి నలభై ఫోటోలు కడిగి వచ్చాయి. నల్ల కాగితాల ఆల్బం ఒకటి, మూలలకు అతికించే ముక్కలు, తెల్ల సిరా. ఒక్కో ఫోటో కింద తెలుగులో, ఉర్దూలో పేర్లు రాయడం మామ పని. కూర్చుని రాశాడు. "సముద్ర తీరమున దొరవారు." "శునకరాజమునకు మంగళస్నానము." "బావిలో బంతి, కట్టయ్య సాహసము." ఆ పేర్లు తనే కల్పించాడు. దొరకు నచ్చాయి.

మొదటి ఆదివారం బంగళా వరండాలో పెద్దమనుషులు కూడారు. వకీలు పాండురంగం, ఒక పత్తి కంట్రాక్టరు, ఇంకా ముగ్గురు. ఆల్బం చేతులు మారుతోంది. మామ వెనుక నిలబడి ఒక్కో ఫోటో కథ చెప్పాలి. పంకా తాడు లాగుతున్నది కట్టయ్య.

పాండురంగం బావి ఫోటో చూసి, తల తిప్పి కట్టయ్యను చూశాడు. "వారీ, నువ్వేనారా ఇది! అచ్చం బర్రె బురదలకెల్లి లేచినట్టున్నవ్!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఎప్పటిలాగే, దొర నవ్వు మొదలైన క్షణానికి మొదలుపెట్టి, దొర ఆపిన క్షణానికి ఆపాడు. అలా ఆపినప్పుడు కట్టయ్య కళ్లు ఆయన కళ్లకు తగిలాయి. కోపం కూడా లేదట ఆ చూపులో. పంకా తాడు లాగుతూ, ఈ మనిషీ వాళ్లలో ఒకడే అని చూసి ఊరుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి మామ కంచం ముందు కూర్చున్నాడు. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఎంటికొచ్చిందా?" అని అత్త అడిగింది.

"లేదు. బురద వాసనొత్తాంది."

"పప్పుల బురదేందయ్యా?"

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ ఆల్బం. ఈసారి వేరే పెద్దమనుషులు. ఆ తర్వాత దొర బావమరుదులు, ఆ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు. అవే నలభై ఫోటోలు, అవే కథలు. "శునకరాజము" దగ్గర ఒక నవ్వు, బావి దగ్గర పెద్ద నవ్వు. తెలుపు రంగే రోత పుట్టించడం మొదలుపెట్టిందన్నాడు మామ. ఆ తెల్ల ప్యాంట్లు, తెల్ల బంతి, తన తెల్ల అక్షరాలు. ఆల్బం తెరిచినప్పుడల్లా జిగురు వాసన వచ్చేది. ఆ వాసనకు వరండా పక్కకు పోయి రెండుసార్లు కక్కుకున్నాడు. దవాఖానలో చూపించుకుంటే డాక్టరు నాలుక చూసి, పొట్ట నొక్కి, ఏమీ లేదన్నాడు.

"పని మానుకోరాదు?" అని అత్త అంది.

"మానుకొని ఏం చెయ్యాలె? నాకేమొత్తది?"

నిజమే, ఆయనకు రాత, "జీ దొరా" తప్ప ఏమీ రావు. మళ్లీ ఆదివారం మళ్లీ నవ్వాడు. తన నవ్వు తనకే వినిపించేదట, పక్కన ఎవరో నవ్వినట్టు.

ఆషాఢం సగం గడిచినా ఆ ఏడు వానలు సరిగా పడలేదు. పైగా సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం ఒత్తిడి. విత్తనాలకు గింజలు లేక రైతులు గడికి వస్తున్నారని కబురు వస్తే, కిషన్ రావు కారులో ఊరికి బయలుదేరాడు. మామనూ కట్టయ్యనూ వెంట తీసుకుపోయాడు. ఆల్బం కూడా వచ్చింది.

గడి ముందు పందిరి కింద నలభై యాభై మంది పొద్దున్నుంచి కూర్చున్నారు. కిషన్ రావు పదకొండు గంటలకు ఫలహారం ముగించి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు. గింజల మాట ఎత్తబోయిన ఒక ముసలాయనను చేత్తో ఆపాడు.

"గింజలు యాడికి పోతయ్? ముందుగాల సముద్రం చూసుండ్రి. మీ జన్మల చూడరు."

ఆల్బం మంచం మీద తెరిచాడు. ఒక్కొక్కరు వచ్చి వంగి చూసి పోవాలి. వచ్చారు, చూశారు, దండం పెట్టి పోయారు. ఆడవాళ్లలో కట్టయ్య భార్య యాకమ్మ ఉంది. మొగుడు సుబేదారిలో వెట్టికి పోయిన మూడు నెలలుగా ఒంటి చేత్తో చెలక చూసుకుంటున్న మనిషి. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"దొరా, గీ గడ్డి ఎవలు కోత్తరు?"

దొరకు ఆ ప్రశ్న ముచ్చటగా తోచింది. "మిషినుతోని కత్తిరిత్తరే."

"బర్లకేత్తరా?"

"ఎయ్యరు. పారేత్తరు."

"మరి ఆడ ఏం పండుతది?"

"ఏం పండది. ఆట ఆడుతరు."

"ఏం పండని భూమికి గన్ని నీళ్లెందుకు దొరా? ఎండకాలంల గింత ఒత్తుగున్నదంటే ఎన్ని నీళ్లు తాగాలె!"

కిషన్ రావు పకపకా నవ్వాడు. "సాంబమూర్తీ, నువ్వు చూసినవ్ గద. ఈమెకు సమజయ్యేటట్టు చెప్పు."

"జీ దొరా" అన్నాడు మామ.

ఏదో ఒకటి చెప్పి నవ్వించే పని. పద్నాలుగేళ్లుగా చేస్తున్నదే. నోరు తెరిచాక ఆ ముక్క రాలేదు. వేరేది వచ్చింది.

"ఆడ ఒక్కటే మంచినీళ్ల బాయి యాకమ్మా. చుట్టంత ఉప్పునీళ్లు. బెస్తోళ్ల పల్లె మొత్తం గా బాయి నీళ్లే తాగాలె. పొద్దుగాల లేత్తే పదిగొట్టేదాక గా నీళ్లు గడ్డికి పోత్తరు. ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఎండల నిలవడుతరు. గీ ఫొటోల్ల వాళ్లు కనవడరు. ఎందుకంటే నేనే ఎల్లగొట్టిన. పిల్లకు జరమొచ్చింది, ఒక్క బిందె అన్నది ఒకామె. ఆమె బిందె గుంజుకపోయి దిబ్బెనుక పెట్టిన."

"సాంబమూర్తీ" అన్నాడు దొర.

"గీ కుక్కకు ఎనిమిది బొక్కెనలు పోసిండ్రు. గా తాగే నీళ్లే. బూట్లకు మూడు. ఆడోళ్లు చూడంగనే. నేను ఫొటో దీసిన. కింద పేరు గూడ నేనే రాసిన, నవ్వుతరని."

"చాలు!"

ఆగలేకపోయాను, అన్నాడు మామ నాతో. ధైర్యం అని అనుకోకు. కక్కు వచ్చినప్పుడు నోరు మూసుకోగలమా, అంతే.

"ఆకరికి బంతి బాయిల పడ్డది. సంచి నిండ బంతులున్నయ్. అయినా కట్టయ్యను దింపిండ్రు. ఉన్న జానెడు నీళ్లు బురదైపోయినయ్. గా బురదనే కొంగుల వడగట్టుకున్నరు పిల్లలకు."

యాకమ్మ తల తిప్పి, స్తంభం పక్కన నిలబడిన మొగుణ్ని చూసింది.

"దిగినవా?"

"దిగిన" అన్నాడు కట్టయ్య.

"మనుషులు తాగే బాయిలకా?"

"తాడు కట్టి దింపిండ్రే. ఏం జెయ్యాలె?"

"రాత్రి ఇంటికొచ్చి గూడ ఒక్క మాట చెప్పకపోతివి."

యాకమ్మ పందిరి బయటకు నడిచి, గొంతులోంచి లాగి ఉమ్మింది. మొగుడి మీద కోపమో, గడి మీదనో, మా మామ మీదనో, ఎవరి మీదనో తెలియలేదు. అందరి మీదా అయి ఉంటుంది. ఆల్బం కాగితం తిప్పబోయిన ఒక రైతు దాన్ని వదిలేసి, చేతులు ధోవతికి తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్లీ తుడుచుకున్నాడు. తన వేళ్లతో అంటించిన ఆ ఫోటోల మీద ఆ మనిషికి పుట్టిన ఏవగింపు చూసి, ఇన్ని రోజులూ తన జబ్బు ఏమిటో తనకు అర్థమైందని మామ అన్నాడు.

"ఈనికి ఎండ తాకింది" అన్నాడు కిషన్ రావు. "నా ఇంట్ల తిని నా మీదనే కక్కుతాండు. బయటికి గుంజుండ్రి."

ఎవరూ గుంజే పని లేకుండా మామే నడిచాడు. పాలకుర్తి గుట్ట పక్క నుంచి, మిట్ట మధ్యాహ్నం ఎండలో, ఘనపురం స్టేషను దాకా. దారిలో ఒక మోటబావి దగ్గర నీళ్లు తాగడానికి ఆగి, దోసిలి పట్టి, నీళ్లు నోటి దగ్గరికి వచ్చాక వదిలేశాడు. తాగకుండానే స్టేషను చేరాడు.

ఇక్కడిదాకా విన్నాక, ఆయన చేసింది ఏదో వీరుడి పని అని నేను అనుకున్నాను, చెప్పాను కూడా. ఆయన ముఖం చిట్లించాడు.

"నేను చెప్పి పోయిన. పడ్డది వాళ్లకు" అన్నాడు.

అదే జరిగింది. ఆ వారమే కట్టయ్య చెలకను కిషన్ రావు గుంజుకుని తన బంటుకు ఇచ్చాడు. విత్తనాల గింజలు ఆ ఊళ్లో ఎవరికీ పుట్టలేదు. కట్టయ్య, యాకమ్మ పిల్లలను తీసుకుని వరంగల్లు వచ్చి, పత్తి గింజలు తీసే ఒక కార్ఖానాలో కూలికి కుదిరారు. మామ దొరల మీద తిరగబడే సంగంవాడని కిషన్ రావు చెప్పడంతో పోలీసులు కొత్తవాడకు రెండుసార్లు వచ్చి, మగ్గం గుంటలో కూడా వెతికి పోయారు. ఇంకొక పెద్దమనిషి ఎవరూ ఆయనను మున్షీగా పెట్టుకోలేదు.

చివరకు అత్త ఆయనను మగ్గం మీద కూర్చోబెట్టింది. ముప్పై ఆరేళ్ల మనిషికి కాళ్లు ఎలా ఆడించాలో పక్కన కూర్చుని నేర్పింది. "గట్ల తొక్కుతే పోగు తెగుతది, నీ అక్షరం కాదది" అని తిట్టేది. నెమ్మదిగా వచ్చింది. ఆయన జంపఖానాలు ఎప్పుడూ అంతంత మాత్రమే. అంచు వంకర పూర్తిగా పోలేదు. గంజి చేతులతోనే అన్నం తినేవాడు, వెంట్రుక వస్తే తీసి పక్కన పెట్టేవాడు. కానీ సబ్బు నురగ చూస్తే లేచి పోయేవాడు. మా ఇంట్లో పెళ్లికి ఫోటోలవాణ్ని పిలిచినప్పుడు భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. ఆ కోపం మా అమ్మకు చాలాకాలం ఉంది.

సాయంత్రాలు పల్లెలవాళ్లు వస్తే అర్జీలు రాసి పెట్టేవాడు. మొదట్లో "మహా ఘనత వహించిన" లాంటి మాటలు లేకుండా, జరిగింది జరిగినట్టు రాశాడు. అవి తిరిగి వచ్చాయి. మళ్లీ ఘనతలు వహింపజేసి రాయాల్సి వచ్చింది. రాస్తున్నంతసేపు పళ్లు కొరికేవాడని అత్త చెప్పేది.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య వచ్చింది. కిషన్ రావు అంతకు ముందే గడి వదిలి హైదరాబాదు చేరి, తర్వాత ఇంకెక్కడికో పోయాడు. నలభై తొమ్మిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కట్టయ్య కొత్తవాడకు వచ్చాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి. ఒంటి నిండా పత్తి దూది.

"చెలక కోసం అర్జీ రాయాలె" అన్నాడు, కూర్చోకుండానే.

"కూసో కట్టయ్యా."

"కూసుంట గని, మున్షీ, నీ మీద ప్రేమతోని రాలే. నీ రాత మంచిగుంటదని వచ్చిన. నువ్వు గూడ నవ్వినవ్ వాళ్లతోని. నాకు యాదున్నది."

"నవ్విన" అన్నాడు మామ.

అత్త నీళ్లు తెచ్చి ఇచ్చింది. కట్టయ్య చెంబు పట్టుకుని కొంచెంసేపు నీళ్ల వైపు చూశాడు.

"ఆనాడు బాయిల దిగినప్పుడు" అన్నాడు, "పైన ఆడోళ్లు తిడుతరనుకున్న. తిట్టినా మంచిగుండు. ఒకామె వంగి ఏమన్నదో ఎరుకేనా? 'అన్నా, ఎడంపక్క రాయి పాకుడు పట్టింది, జారుద్ది, కాలు చూసుకో' అన్నది. వాళ్ల నీళ్లు పాడు చేత్తాంటె, నా కాలు జారుతదని ఆమెకు ఫికరు. గా మాట యాకమ్మకు గూడ చెప్పలే ఇన్నేండ్లు. ఎట్ల జెప్పాలె?"

ఆ మనిషి నడి వయసుదా, కాస్త పొడుగ్గా ఉంటుందా అని మామ అడిగాడు. కింద నుంచి ముఖం కనబడలేదన్నాడు కట్టయ్య, తల చుట్టూ ఎండ ఒక్కటే కనబడిందట. నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

మామ కాగితం తీశాడు. చెలక సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఎవరి తండ్రి సాగు చేశాడు, ఎప్పుడు గుంజుకున్నారు, అన్నీ అడిగి రాశాడు. ఎందుకు గుంజుకున్నారు అనే చోట కలం ఆగింది. బావి సంగతీ, తను పందిరి కింద మాట్లాడిన సంగతీ రాసి చదివి వినిపించాడు. కట్టయ్య విని, "నీ పేరు గూడ రాయి. నువ్వు చేసింది గూడ" అన్నాడు. మామ రాశాడు. బిందె గుంజుకున్నది కూడా రాశాడు. అది భూమి అర్జీకి అక్కరలేని మాట అని తెలిసినా కొట్టేయలేదు.

కట్టయ్య వేలిముద్ర వేసి, కాగితం మడిచి నడుములో దోపుకుని, పోయి వస్తానని చెప్పకుండా వెళ్లిపోయాడు. అర్జీ రెండేళ్లు తిరిగింది. ఎకరంన్నరలో ముప్పావు ఎకరం వచ్చింది, యాకమ్మ పేరు మీద.